రెండువందల యేళ్ళ బల్ల

మా యింటి ముందుగదిలో గోడకు ఆనుకుని ఒక అర్ధచంద్రాకారపు బల్ల వుంది. దాని వయస్సు రెండువందల యేళ్ళని 2024 దసరా దాకా వచ్చినవాళ్ళందరికీ చెప్పేదాన్ని. అడిగినవాళ్ళకే కాదు, అడగనివాళ్ళకు కూడా. పాలబ్బాయికి చెప్పాను. కరెంటు బిల్లు తీయడానికి వచ్చిన కుర్రాడికి చెప్పాను. అతను "అలాగాండీ" అని మీటరు యెక్కడుందని అడిగాడు.

ఈ శీర్షికలో యిన్నాళ్ళూ పరదాల గురించీ, పూలకుండీల గురించీ, వంటింటి అలమరల గురించీ మీకు సలహాలు చెబుతూ వచ్చాను. ఈసారి సలహా చెప్పేముందు నా తెలివితక్కువ చెప్పుకోక తప్పదు. సలహాకు అదే మూలం కనక.

2023 వేసవిలో పరీక్షపేపర్లు దిద్దడానికి ఒక పెద్ద నగరానికి వెళ్ళాను. పగలంతా గ్రాంథిక వ్యావహారికాల కలగూరగంప దిద్ది దిద్ది, సాయంకాలం కాస్త గాలికోసం బజారులో నడుస్తూంటే పాతసామాన్లు అమ్మే కొట్టు ఒకటి కనిపించింది. గుమ్మంలోనే ఆ బల్ల. గోడవైపు తిన్నగా, మనవైపు చంద్రవంక లాగా గుండ్రంగా. కిందికి పోనుపోను సన్నబడే నాలుగు కాళ్ళు. పైన లేత పసుపురంగు చెక్కతో పొదిగిన విసనకర్ర ఆకారం. మధ్యలో చిన్న సొరుగు, దానికి నాణెమంత యిత్తడి పిడి.

"షెరటన్ అమ్మా! రెండువందల యేళ్ళనాటి పనితనం," అన్నాడు కొట్టు యజమాని. ఇంకా యేవో చెప్పాడు. ఏదో జమీందారుల బంగళా అన్నాడు, దొరసాని అన్నాడు. నేను కథలకు లొంగేదాన్ని. లేకపోతే తెలుగు యెమ్మే యెందుకు చదువుతాను? నలభైయెనిమిది వేలకు బేరం తెగింది. అవి నా జీతం బకాయిల డబ్బులు. వాటితో బట్టలుతికే మిషను కొందామని యింట్లో తీర్మానం అయివుంది.

బల్ల లారీలో దిగినరోజున మావారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇందులో బట్టలు యెటువైపునుంచి వెయ్యాలి?" అని మాత్రం అడిగారు.

సరే, ముందు ఆ బల్ల తీరు గురించి చెప్పాలి. ఆ తీరులో నేను మోహపడ్డది పొరపాటు కాదని యిప్పటికీ అంటాను.

పద్ధెనిమిదో శతాబ్దం మధ్యదాకా ఐరోపా ధనికుల యిళ్ళల్లో కుర్చీలూ బల్లలూ వంపులమయంగా వుండేవి. కాళ్ళు వంపులు, వీపులు వంపులు, ఎక్కడ చూసినా గవ్వలూ లతలూ. మన ప్రబంధాల్లో వర్ణన మీద వర్ణన పడి కథ కనిపించకుండా పోయినట్టు, అలంకారాల మధ్య కుర్చీ కనిపించేది కాదు. ఇంతలో ఇటలీలో నేల తవ్వారు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పూడ్చేసిన హెర్క్యులేనియం పట్టణంలో 1738లో, పాంపేయిలో 1748లో తవ్వకాలు మొదలయ్యాయి. గోడల మీది బొమ్మలు, కంచు దీపస్తంభాలు, బల్లలు బయటపడ్డాయి. ఓహో, ప్రాచీనులు యింత సాదాగా, యింత కొలతగా బతికారా అని ఐరోపా ఆశ్చర్యపోయింది.

రాబర్ట్ ఆడం అనే స్కాట్లండు వాస్తుశిల్పి 1754లో బయలుదేరి ఇటలీ చూసి 1758లో తిరిగివచ్చాడు. వచ్చి ఇంగ్లండులో గొప్పవాళ్ళ భవనాలకు గోడా, కప్పూ, తివాచీ, కుర్చీ అన్నీ ఒకే మనస్సుతో ఊహించినట్టు తీర్చిపెట్టాడు. లేత ఆకుపచ్చ, లేత గులాబి గోడలు. కలశాలు, పూలతోరణాలు, పొట్టేలు తలలు. కుర్చీకాళ్ళు వంపు పోయి నిటారు అయ్యాయి, రోముదేశపు స్తంభాలకు మల్లే వాటికి నిలువు గాళ్ళు పడ్డాయి. ప్రబంధం తరవాత తిక్కనగారి క్లుప్తత చదివినట్టుంటుంది. ఫ్రాన్సులో పదహారో లూయీ కాలానికి (1774-1792) ఇదే గాలి వీచింది.

ఈ తీరు మామూలు కలిగినవాళ్ళ యిళ్ళకు చేరింది మాత్రం నమూనా పుస్తకాల వల్ల. జార్జి హెపుల్‌వైట్ అనే వడ్రంగి 1786లో పోయాడు. రెండేళ్ళ తరవాత, 1788లో, ఆయన భార్య ఆలిస్ ఆయన నమూనాలను పుస్తకంగా వేయించింది. డాలు ఆకారపు వీపువున్న కుర్చీలకు ఆ పుస్తకమే పేరు తెచ్చింది. ఇందులో తమాషా యేమిటంటే, ఇది హెపుల్‌వైట్ స్వహస్తంతో చేసింది అని రుజువుగా చెప్పగల సామాను ఒక్కటీ లేదు. పేరంతా పుస్తకానిది! తరవాత థామస్ షెరటన్ 1791 నుంచి 1794 దాకా తన నమూనాల పుస్తకం భాగాలు భాగాలుగా వేశాడు. చతురస్రపు వీపులు, సన్నని కాళ్ళు, చెక్కలో చెక్క పొదిగిన అలంకారం ఆయన బాణీ. ఇంగ్లండు అంతటా వడ్రంగులు ఆయన బొమ్మలు చూసి బల్లలు చేసి డబ్బు చేసుకున్నారు. ఆయన మటుకు 1806లో పేదవాడుగానే పోయాడు. పుస్తకాలు రాసేవాళ్ళ సంగతి యే దేశంలోనైనా అంతే కాబోలు.

ఇదంతా యెక్కడో సముద్రాల అవతలి మాట అనుకోకండి. మన విశాఖపట్నం పేరు ఈ కథలో పెద్దక్షరాలతో వుంది. ఈస్టిండియా కంపెనీ వారు పదిహేడో శతాబ్దం చివర్లో అక్కడ వర్తకశాల పెట్టాక, దొరల కుర్చీలూ, పెట్టెలూ, రాతబల్లలూ చూసి మన పనివాళ్ళు అచ్చం అలాంటివే చెయ్యసాగారు. అచ్చం అలాంటివే అంటే తప్పు. నల్లని చేవచెక్కలో తెల్లని దంతం పొదిగి, ఆ దంతంమీద సన్నని పూలతీగెలు గీసి, గీతల్లో నల్లలక్క నింపేవారు. ఈ పొదుగుపనిలో విశాఖ ఘనతను 1756లోనే కార్నెయిల్ అనే సైనికోద్యోగి మెచ్చుకుంటూ రాసుకున్నాడు. ఆ శతాబ్దం చివరికి పెట్టె మొత్తానికి పల్చని దంతపురేకులు తాపి, వాటిమీద ఇంగ్లీషు అచ్చుబొమ్మల్లోని భవనాలు చెక్కారు. ఆకారాలు కూడా ఆడం, హెపుల్‌వైట్ల కాలానికి తగ్గట్టే మారాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో యివాళ వాటిని అద్దాల వెనక పెట్టి చూపిస్తున్నారు. చేసినవాళ్ళ పేర్లు మాత్రం మనకు దక్కలేదు.

(ఒక హెచ్చరిక. ఇప్పుడు దంతం కొనాలని యెవరూ ఆశపడకండి. మనదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఏనుగుదంతం వ్యాపారం నిషేధం. పాతదని చెప్పినా సరే, జోలికి పోకూడదు.)

ఇక నా బల్ల దగ్గరికి వస్తాను.

విజయనగరంలో మా మేనమామగారి యిల్లు 2024లో అపార్టుమెంట్లు కట్టేవాళ్ళకు యిచ్చేశారు. సామాన్లు పంచుకున్నారు. ఫ్రెంచి విప్లవం వచ్చినప్పుడు, 1793లో, వెర్సయ్ రాజభవనపు సామాను వేలం మొదలుపెట్టి యేడాదిపాటు అమ్మారట. పదిహేడువేల పైచిలుకు పద్దులు. రాజుగారి సామానుకే ఆ గతి పట్టినప్పుడు మా మామయ్యగారి సామాను యెంత? బీరువాలు బావలు తీసుకున్నారు, పందిరిమంచం పెద్దక్క తీసుకుంది. యెవరూ అడగని గుండ్రబల్ల ఒకటి మిగిలింది. టేకుచెక్క, మధ్య ఒక స్తంభం, దాని అడుగున కత్తిలా బయటికి వంగిన మూడు కాళ్ళు. అందులో ఒకటి కదులుతోంది. మా అమ్మమ్మ దానిమీద యిత్తడిపళ్ళెం పెట్టుకుని వత్తులు చేసుకునేది. ఆమె పోయాక దానిమీద వూరగాయ జాడీలు వుండేవి. నూనెమరకలతో నల్లబడింది. "కట్టెలకింద పోతుందే, నువ్వు తీసుకుపో," అంది అమ్మ.

దసరా సెలవుల్లో ఆ కాలు బాగుచెయ్యడానికి వడ్రంగి మేస్త్రిని పిలిచాను. డెబ్భై యేళ్ళవాడు. గుండ్రబల్లను తలకిందులు చేసి, కాలి అతుకు తడిమి, తల పంకించాడు. తరవాత కళ్ళజోడు పైకి తోసుకుని నా అర్ధచంద్రుడి వంక చూశాడు.

"మంచి పనమ్మా. యెవులు చేసినారు? మన కుర్రోళ్ళేనా?"

"లేదు మేస్త్రీ. అది రెండువందల యేళ్ళనాటిది."

ఆయన నవ్వివుంటే నాకు బాగుండేది. నవ్వలేదు. "ఓపాలి తిప్పి చూడొచ్చా అమ్మా?" అని నెమ్మదిగా అడిగాడు.

తిప్పాడు. అడుగున నల్లరంగు పూసిన చోట గోటితో గీకాడు. మరమేకు తల బయటపడింది. దానిమీద ప్లస్ గుర్తు.

"ఈ తల మేకులు మా నాన్న యెరగడమ్మా. నేను పని నేర్సుకున్నాక వచ్చినాయి. ఐనా ఒక మేకు చూసి తీర్పు సెప్పకూడదు. మద్దిలో యెవులో బాగుసేసుండొచ్చు." అని సొరుగు లాగి, దాని అడుగుచెక్క వేలితో తట్టాడు. శబ్దం చెక్కది కాదు. "రంగేసిన అట్టమ్మా. పొట్టూ జిగురూ కలిపి నొక్కిన అట్ట. నీళ్ళు పడితే అప్పడంలాగ వుబ్బుతాది."

నాకు నోట మాట రాలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు: "పనోడు మాత్తరం గట్టోడు. ఈ పొదుగు సూడండి, యెంట్రుక దూరే సందు లేదు. పాపం ఆడికి ఆరో యేడో వేలు యిచ్చుంటారు."

తరవాత నా గుండ్రబల్లకు టేపు పట్టాడు. చెక్క నారపొడుగున కొలిస్తే ముప్పైయారు అంగుళాలు. నారకు అడ్డంగా కొలిస్తే పావంగుళం తక్కువ. "సెక్క యేళ్ళ తరబడి అడ్డంగా ముడుసుకుంటాదమ్మా, పొడుగున ముడుసుకోదు. కొత్త గుండ్రబల్ల నిజంగా గుండ్రంగా వుంటాది. ముసలిది కోలగా అవుతాది. ఇది వందకి తక్కువ వుండదు." కాలికి బిగించిన మరమేకు తీసి చూపించాడు. కొన మొద్దుగా వుంది, తలలో గాటు మధ్యకు కాకుండా ఓ పక్కకు వుంది. చేత్తో చేసిన మేకు.

నలభైయెనిమిది వేల బల్ల నిన్నటిది. కట్టెలకింద పోవలసిన బల్ల ముత్తాతలనాటిది!

ఆ కొట్టుకు ఫోను చేశాను. యజమాని యెంతో మర్యాదగా, "బిల్లు చూసుకున్నారా అమ్మా?" అన్నాడు. తీసి చూస్తే "యాంటిక్ టైపు బల్ల - 1" అనివుంది. పిల్లలకు సమాసాలు విడగొట్టి చెప్పే నేను ఆ "టైపు" అనే ఒక్క మాట చదవలేదు. రెండువందల యేళ్ళనాటి పనితనం అన్నాడు గాని, రెండువందల యేళ్ళనాటి బల్ల అన్నాడా? అర్థం నేను కల్పించుకున్నాను, అతను వూరుకున్నాడు.

మీకు నాలా కాకూడదని, ఆ తరవాత మేస్త్రి దగ్గరా పుస్తకాల్లోనూ నేర్చుకున్నవి నాలుగు చెబుతాను. వస్తువును ముందునుంచి కాదు, వెనకనుంచీ అడుగునుంచీ చూడండి. అబద్ధం యెప్పుడూ ముందువైపే ముస్తాబు అవుతుంది. సొరుగు లాగి మూలల్లో చెక్కల అతుకు చూడండి. చేత్తో కోసినవి ఒకటి వెడల్పుగా, ఒకటి సన్నంగా వుంటాయి. అన్నీ అచ్చు గుద్దినట్టుంటే మిషను పని. పైన తాపిన చెక్కపొర మందం అంచుల్లో చూడండి. పాతరోజుల్లో రంపంతో చేత్తో కోసేవారు కనక మందంగా వుంటుంది. ఇప్పటిది కాగితమంత. కొన మొనదేలిన మరమేకులు పందొమ్మిదో శతాబ్దం నడిమికిగాని వాడుకలోకి రాలేదు. ప్లస్ తల మేకులు 1930 తరవాతి మాట. అరుగుదల కూడా న్యాయమైన చోట వుండాలి. కుర్చీచేతులు, ముందుకాళ్ళ అడ్డపట్టీ, సొరుగు జారే అంచు. ఎవరి చెయ్యీ కాలూ తగలనిచోట అరిగివుంటే అది గరుకు కాగితం అరగదీసింది. ఏ ఒక్క గుర్తూ చాలదు, నాలుగు గుర్తులూ కలిసి ఒకేమాట చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, వయస్సు యెంతో బిల్లుమీద రాసి యిమ్మనండి. రాయనంటే నకలు ధరే యివ్వండి.

ఐతే అసలు పరీక్ష నాకు ఆ తరవాత వచ్చింది.

మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఒకావిడ నాకు పదిహేనేళ్ళ స్నేహితురాలు. నా బల్లను యెప్పుడూ మెచ్చుకునేది. దీపావళి ముందు ఒకరోజు యింటికి వచ్చి, "మా అమ్మాయి గృహప్రవేశానికి యేదైనా నిలిచిపోయేది యివ్వాలనుంది. నీకు మనసొప్పితే ఆ బల్ల నాకివ్వవూ? యాభైవేలు యిస్తాను," అంది. రేపు చెబుతానన్నాను.

ఆమె వెళ్ళాక మావారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "నువ్వు అబద్ధమాడక్కర్లేదు. వూరికే వుంటే చాలు. బల్ల బాగుందని ఆవిడే అడిగింది కదా?"

అన్యాయపు మనిషి కాదు ఆయన. నా డబ్బు నాకు రావాలన్నదే ఆయన బాధ. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకూ అదే సబబు అనిపించింది. ఆవిడకు నచ్చింది. చూడ్డానికి బాగుంది. ఎవరికి నష్టం? పైగా నిజం చెబితే, పదిహేను నెలలుగా నేను చెప్పుకున్న గొప్పలన్నీ యేమౌతాయి? స్టాఫురూములో రేపటినుంచి నన్ను చూసి యేమనుకుంటారు? నిద్రపట్టక లేచి ముందుగదిలోకి వచ్చి లైటు వేశాను. బిల్లు యింకా బల్లమీదే వుంది. మళ్ళీ చదివాను.

ఆ కొట్టువాడు కూడా అబద్ధమాడలేదు. వూరికే వున్నాడు. అంతే.

మర్నాడు ఆమెకు చెప్పేశాను. మేకు సంగతీ, అట్ట సంగతీ, బిల్లు సంగతీ అన్నీ. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "ఇన్నాళ్ళూ నాకు రెండువందల యేళ్ళని చెప్పావే!" అంది చివరికి. "నమ్మి చెప్పాను," అన్నాను. "అదే కదా బాధ. నేనూ నమ్మి మా అమ్మాయికి చెప్పేశాను," అంది. రెండు వారాలు కాస్త ముభావంగానే వుంది. తరవాత ఒకనాడు స్టాఫురూములో నా పక్కన కూచుని, "మీ మేస్త్రి అలాంటిది చేస్తాడా?" అని అడిగింది.

చేశాడు. పదిహేడువేలు తీసుకున్నాడు. సొరుగు అడుగున అట్ట కాదు, అసలైన టేకు. నా అర్ధచంద్రుడి కొలతలే. కొలతల్లో దోషం లేదు కదా! చేశాక నేను ఒకమాట అడిగాను. బల్ల అడుగున ఆయన పేరూ, తేదీ రాయమని. మొదట సిగ్గుపడ్డాడు. "నా పేరెందుకమ్మా?" అన్నాడు. విశాఖ పనివాళ్ళ పేర్లు లండన్ మ్యూజియంలో కూడా లేవని చెప్పాను. చెవిలోని పెన్సిలు తీసి, తెలుగక్షరాల్లో, కొంచెం వంకరగా రాశాడు.

నకలు తప్పని నేననను. ఆలోచించి చూస్తే, మా అమ్మమ్మ గుండ్రబల్ల కూడా నకలే. ఏ దొరగారి బంగళాలోనో చూసి మనవాళ్ళెవరో చేసివుంటారు. ఆ దొరగారిది షెరటన్ లాంటివాడి పుస్తకానికి నకలు. ఆ పుస్తకం రోముకు నకలు. రోము గ్రీసుకు నకలు. లండనులో రైట్ అండ్ మాన్స్‌ఫీల్డ్ అనే సంస్థవారు ఆడం బాణీలో చేసిన బీరువాను 1867 పారిస్ ప్రదర్శనలో పెట్టారు. వందేళ్ళనాటి బాణీ అని యెవరూ దాచలేదు. ఇవాళ అదీ మ్యూజియంలోనే వుంది. మంచి నకలు దాని పేరుతో అది బతికితే, కాలం దానికీ గౌరవం యిస్తుంది.

ఇక ఇలాంటి సామాను మన యిళ్ళల్లో యెలా పెట్టుకోవాలంటారా? రెండు గదుల యింటికి ఇది యెంతో అనువు. కాళ్ళు సన్నం కనక నేల కనబడుతూ గది పెద్దదిగా తోస్తుంది. చీపురు సులువుగా దూరుతుంది. నేలకు ఆనిన బండసోఫాల కింద యేముందో ఆ దేవుడికెరుక! ఐతే గదికి ఒకటో రెండో చాలు. అర్ధచంద్రపు బల్లకు ఒక గోడ పూర్తిగా విడిచిపెట్టి, పైన ఒకే ఒక కోల అద్దమో, మీ తాతగారి పటమో పెట్టండి. రెండుపక్కలా రెండు పేముకుర్చీలు వేస్తే జత కుదురుతుంది. ఈ బాణీకి ప్రాణం ఆ జతే. గోడలకు లేతరంగు వెయ్యండి. పాత చెక్కమీద బంగారురంగు మాత్రం పుయ్యకండి. పాత పాలిషు గీకి పారెయ్యకండి, వయస్సంతా అందులోనే వుంటుంది. మెత్తని బట్టతో తుడిచి యేడాదికి ఒకటి రెండుసార్లు మైనం పట్టిస్తే చాలు. ఎండ నేరుగా పడనియ్యకండి. గోడకు రెండంగుళాలు యెడంగా వుంచితే చెమ్మా చెదలూ కనిపెట్టవచ్చు. పేము అల్లిక జారితే అడుగువైపునుంచి తడిబట్టతో తడిపి నీడన ఆరబెట్టండి, దానంతటదే బిగుస్తుంది.

చూసి నేర్చుకోవాలనుకుంటే హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా సామాను వున్న గదుల్లో ఒక పూట గడపండి. కోఠీలో 1803 ప్రాంతాల కర్క్‌పాట్రిక్ కట్టడం మొదలుపెట్టిన రెసిడెన్సీ భవనం స్తంభాలు చూస్తే, కుర్చీకాలికీ స్తంభానికీ చుట్టరికం యేమిటో అర్థమవుతుంది.

మా యింట్లో యిప్పుడు రెండు బల్లలూ వున్నాయి. అర్ధచంద్రుడు గోడకి, పూర్ణచంద్రుడు మధ్యలో. అమ్మ వచ్చినప్పుడు గుండ్రబల్ల దగ్గరే కూచుని వత్తులు చేసుకుంటుంది. నూనెమరకలు నేను తీయించలేదు. బట్టలుతికే మిషను యింకా రాలేదు. మావారు ఆ మాట యెత్తడం మానేశారు, అదే నాకు మరీ కష్టంగా వుంది.

మొన్న ఆదివారం ఒక కాగితం తీసుకుని, "ఇది పాతది కాదు. పాతబాణీలో చేసిన కొత్తబల్ల. 2023లో నలభైయెనిమిది వేలకు కొన్నాను. చేసినవాడు మంచి పనివాడు, పేరు తెలియదు," అని రాసి, కింద సంతకం చేసి, సొరుగు అడుగున అంటించాను. మా అమ్మాయి చూసి, "ఇదెవరికమ్మా?" అంది.

"నీకే," అన్నాను.